పగడపు రాళ్ల బడి

మా ఆయనకు రిఫైనరీలో ఉద్యోగం వచ్చి టెక్సాస్ నుంచి సెయింట్ క్రాయ్ దీవికి మారాం. కరీబియన్ సముద్రంలో ఉన్నా అదీ అమెరికాయే. తెలుగువాళ్లెవరూ లేరు. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు. పక్కింట్లో రిటైరైన టీచరుగారు ఉండేవారు. పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటున్నానని చూసి, ఒక శనివారం నన్ను పాత బడి దగ్గరికి తీసుకెళ్లారు.

పగడపు రాళ్లతో కట్టిన బడి అది. దీవిలో నల్లవాళ్లకు బానిసత్వం పోయాక ఆ ఊరి పిల్లలు మొదటిసారి అక్షరాలు దిద్దింది అక్కడే. తుఫానుకు కప్పు లేచిపోయింది. ఎవరూ పట్టించుకోకపోవడంతో ఊరివాళ్లే బాగుచేయడానికి పూనుకున్నారు.

నేను సున్నం, ఇసుక కలిపేదాన్ని. కప్పు పని ఒక వడ్రంగి చూసేవాడు. భారీ మనిషి. పైనుంచి నా సున్నం చూసి, "ఉప్పు సరిపోయిందా?" అని ఆటపట్టించేవాడు.

ఒక శనివారం వాన వెలిశాక, తడి ఆరకముందే పైకెక్కాడు. బస్తా పడ్డట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే రాతి నేల మీద ఉన్నాడు. అంబులెన్స్ వచ్చేసరికే ప్రాణం పోయింది.

"ఇంక నువ్వక్కడికి వెళ్లొద్దు. సేఫ్టీ లేదు, ఇన్సూరెన్స్ లేదు" అన్నారు మా ఆయన.

"ఆ వడ్రంగి వాళ్లావిడకి అన్నం వండాను. డ్రాప్ చేస్తారా?" అన్నాను.

ఆయన కారు తీశారు.

టీచరుగారూ నాతో వచ్చారు. అతని భార్య కుర్చీలో కూర్చుని ఉంది. అన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుంది గానీ మూత తీయలేదు.

"బడికి ఆయన పేరు పెడదామనుకుంటున్నామమ్మా" అన్నారు టీచరుగారు.

"పెట్టకండి. నేను పనికి వెళ్లేది ఆ దారినే. రోజూ ఆ పేరు చదువుకుంటూ పోవాలా?"

టీచరుగారు తల దించుకున్నారు. నాకు వడ్రంగి భార్య చెయ్యి పట్టుకోవాలనిపించింది. ధైర్యం చాలలేదు.

తర్వాత సగంమంది రావడం మానేశారు. నేను మానలేదు. మా ఆయన అలిగారు. మిగిలిన దూలాలు వడ్రంగి తమ్ముడు ఎక్కించాడు. వచ్చేవాడు, పని చేసేవాడు, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయేవాడు.

ఏడాది తర్వాత బడి తెరిచారు. బ్యాండు వాయించారు, చేపలు వేయించారు. వడ్రంగి భార్య రాలేదు. ఎవరూ ఆమెను రమ్మని అడగనూ లేదు. లోపల గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. అందరూ తలలెత్తి కప్పును మెచ్చుకుంటుంటే నేను బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత రిఫైనరీ మూతపడింది. మేం టెక్సాస్‌కి తిరిగొచ్చేశాం.