ఖాదర్ చాచా ఓడ మంచం

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. "ఆ మోటారు దగ్గర ఎవరో మూలుగుతున్నారు సార్" అని నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. వెళ్లి చూస్తే బేరింగు పోయి ఉండేది. గ్రీజు పెట్టగానే దయ్యం వదిలేది. నేను సారపాకలో ఉంటాను. అక్కడి కాగితం మిల్లులో మెషీన్ల వైబ్రేషన్ కొలవడం నా ఉద్యోగం. దయ్యాన్ని నమ్మేవాడు ఈ పనిలో ఒక్క వారం కూడా నిలవలేడు.

నాకొక పిచ్చి ఉంది, అది కూడా ముందే చెప్పాలి. పెద్ద పెద్ద ప్రయాణికుల ఓడలు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఇలాంటి పిచ్చివాళ్లం కొంతమందిమి ఉన్నాం, మాకొక వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. సముద్రానికి ఇంత దూరంలో, ఈ అడవుల పక్కన కూర్చుని ఓడల కోసం కొట్టుకు చచ్చే గ్రూపు ఇంకెక్కడా ఉండదు. సగంమంది వైజాగ్ బీచ్‌లో మోకాళ్లు తడుపుకున్నవాళ్లే. పాపికొండల లాంచీ ఎక్కి గోదావరిలోనే వాంతి చేసుకున్న ఒక పెద్దమనిషి, అట్లాంటిక్ తుఫానుల గురించి పేజీలకు పేజీలు రాస్తాడు.

గ్రూపులో రెండు వర్గాలు. పాత ఓడల వర్గానికి తుప్పు కనిపిస్తే చాలు, కళ్లలో నీళ్లు. "ఆ ఓడలకు ఆత్మ ఉండేది" అంటారు. ఏం ఆత్మో! గొట్టంలోంచి వచ్చే పొగ చూసి ఆత్మ అనుకునే రకం. కొత్త ఓడల వర్గం ఇంకా దరిద్రం. ఇరవై అంతస్తులు, జారుడుబల్లలు, ఐస్‌క్రీం మిషన్లు చూపించి ఓడంటే ఇదీ అంటారు. షాపింగ్ మాల్‌ను నీళ్లలోకి తోస్తే ఓడైపోతుందా? నేను రెండు వర్గాలనూ సమానంగా తిట్టేవాణ్ణి. ఓడ మంచిదో చెడ్డదో దాని బరువు ఎక్కడుందో చూసి చెప్పాలి గానీ ఫొటో చూసి కాదని నా వాదన.

ఆ గ్రూపులో నిజంగా ఓడ మీద బతికినవాడు ఒక్కడే, ఖాదర్ చాచా. ఎనభై దాటిన మనిషి. వయసులో ఉండగా ఖమ్మం నుంచి బొంబాయి పారిపోయి ఒక పెద్ద విదేశీ ఓడలో స్టీవార్డుగా చేరాడు. అంటే ప్రయాణికుల గదులు ఊడ్చి, పక్కలు పరిచి, వాళ్ల వాంతులు కడిగే పని. ఓడ పేరు రాయను. దానికి ఇప్పటికీ అభిమానులున్నారు, తెలిస్తే నన్ను బతకనివ్వరు.

ఆ ఓడకు ఒక చెడ్డపేరుంది. బాగా ఊగుతుందని. ఊగని ఓడ ఎక్కడుంది అంటారేమో. ఇది పక్కకు ఒరిగితే ఒరిగినచోటే ఆగిపోయి, మళ్లీ లేవాలా వద్దా అని ఆలోచించేదట. పైన బరువు ఎక్కువైన ఓడలకు వచ్చే జబ్బు అది. నేను దాని కొలతలు సంపాదించి చదివి, ఇది ఊగే ఓడే, ఇందులో వాదన అనవసరం అని గ్రూపులో తేల్చి రాశాను.

వెంటనే చాచా గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఏంది సాబ్ నీ లెక్క? నా వయసంత అండ్లనే పోయింది. నిండు గిలాస పట్టుకొని నడిచేటోన్ని, సుక్క తొణకలే. నువ్వెప్పుడన్న ఎక్కినవా?"

అప్పటినుంచి మా ఇద్దరికీ రోజూ ఇదే తగువు. పక్కలు పరిచేవాడికి ఓడ బరువు సంగతి ఏం తెలుస్తుందని నేను రాస్తే, పుస్తకాల్లో ఈత కొట్టేవాడికి నీళ్ల సంగతి ఏం తెలుస్తుందని ఆయన అనేవాడు.

చాచా కొడుకు గౌస్‌కు సారపాకలో ఫర్నిచర్ కొట్టు ఉంది. గుజరాత్‌లో పాత ఓడలను విరగ్గొట్టే తీరం నుంచి తలుపులు, బల్లలు, కుర్చీలు తెచ్చి బాగుచేసి అమ్ముతాడు. అక్కడ ఏదో గోడౌన్ మూలన పడి ఉన్న ఒక ఓడ మంచాన్ని తెచ్చాడు. ఒంటిమనిషి మంచం, కింద సొరుగులు, పడుకున్నవాడు దొర్లి కింద పడకుండా ఒక పక్కన అంచు పలక. చూడగానే చాచా ఇది మా ఓడదే అన్నాడు. నేను నవ్వాను. అమ్మేవాళ్లకు ప్రతి మంచమూ ఏదో ఒక మహా ఓడదే.

ఆయన దాన్ని అమ్మనివ్వలేదు. కొడుకింట్లో తన గదిలో గోడకు బిగించుకున్నాడు. కొలువులో ఉన్నన్నాళ్లూ ఆ మంచాలకు దుప్పట్లు మార్చడమే గానీ వాటి మీద ఒక్కసారి కూడా నడుం వాల్చింది లేదట. సిబ్బంది పడుకునేది ఎక్కడో అడుగున, ఇంజను హోరులో. "గిప్పుడు నేనే పాసింజర్‌ని" అని గ్రూపులో ఫొటో పెట్టాడు. పాత ఓడల వర్గం దండాలు, పూలు, ఏడుపు బొమ్మలు కుమ్మరించింది. నేను మాత్రం, దొర్లిపడకుండా ఆ పలక ఎందుకు పెట్టారో చాచానే అడగండి అని రాశాను.

పోయిన చలికాలం ఆయన ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయి. దవాఖానా వాళ్లు ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చాచా కోరింది ఒక్కటే. పోయేదాకా తనను ఆ మంచం మీదే ఉండనివ్వాలి.

ఇంట్లో గొడవ అక్కడే మొదలైంది. ఆయనకు అన్నం తినిపిద్దామని మంచం అంచున కూర్చుంటే కోడలు షహనాజ్‌కు కళ్లు తిరిగి వాంతులయ్యేవి. కూర్చున్న ప్రతిసారీ అంతే. ఇంజక్షన్ చేయడానికి వచ్చే నర్సమ్మ కూడా ఒకసారి కూర్చుని లేచి, ఆ తర్వాత నిలబడే పని కానిచ్చేది. చుట్టాలు వచ్చి సైతాన్ ఉందన్నారు. చాచాకు మాత్రం అందులో ఏ ఇబ్బందీ లేదు. బండలా ఉంది నా మంచం, మీకే పిత్తం చేసింది అని కసిరేవాడు.

గౌస్ నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వొచ్చి ఒక్కపారి చూడరాదు. ఏం లేదంటే ఉంచుత. ఉన్నదంటే మాత్రం అప్పటికప్పుడే తీపిచ్చి కిరాయి మంచం ఏయిస్త. షహనాజ్ అసలే చాతగాక ఉన్నది. మా అబ్బాజాన్ నీ మాటైతే వింటడు, నిన్ను తిట్టంది ఆయనకు పొద్దు పోదు."

నిజం చెప్పాలంటే నాకు భలే సంబరమైంది. సైతాన్ అట! ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, సంచిలో రసమట్టం, వైబ్రేషన్ మీటరు వేసుకుని వెళ్లాను. ఇంటి ముందు నుంచే జామాయిల్ కర్ర లారీలు పోతుంటాయి, నేల అదురుతుంటుంది, ఇంతకుమించి ఏమీ ఉండదనుకున్నాను. గౌస్ అప్పటికే ఇద్దరు హమాలీలను పిలిపించి వరండాలో కూర్చోబెట్టాడు.

చాచాను లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. మనిషి ఎముకల గూడైపోయాడు. నోరు మాత్రం తగ్గలేదు. "అవ్, కొలువు కొలువు. జల్దీ కొలువు" అన్నాడు.

కొలిచాను. నేల సమంగా ఉంది. మంచం నాలుగు మూలలా రసమట్టం పెట్టి చూశాను, బుడగ నడిమధ్యలో నిలిచింది. బోల్టుల్లో వదులు లేదు. బయట లారీ పోయినప్పుడు కూడా మీటరులో చెప్పుకోదగ్గ కదలిక లేదు.

"చూసినవా గౌస్? ఏం లేదు. ఉత్తగ భయపడుతున్నరు" అన్నాను.

షహనాజ్ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకు కోపమొచ్చింది. "కొలుసుడు కాదు భయ్యా, పండుకొని చూడు" అంది.

దానికేం భాగ్యమని పడుకున్నాను.

మొదట ఏమీ లేదు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము కనిపిస్తోంది. కాసేపటికి ఎడమ భుజం బరువెక్కింది. ఒళ్లంతా మెల్లగా గోడవైపు జరిగి భుజం గోడకు ఆనింది. ఆనినచోటే ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందంటే ఇక అలాగే ఉండిపోతానేమో అనిపించింది. తర్వాత బరువంతా కుడివైపుకు మళ్లింది. అంచు పలక నా కుడి జబ్బలో దిగింది. అక్కడా ఆగింది. మళ్లీ గోడవైపు.

తల తిప్పి చూశాను. రసమట్టం పక్కనే మంచం చెక్క మీద ఉంది. బుడగ కదల్లేదు. కిటికీలో పెట్టిన నా చాయ్ మీద మీగడ కట్టి ఉంది, అదీ చెదరలేదు. నేను మాత్రం అటూ ఇటూ పోతున్నాను. తిన్న అన్నం గొంతుదాకా వచ్చింది.

లేచి నిలబడితే అంతా మామూలే. బీపీ అనుకున్నాను, చెవిలో ఏదో తేడా అనుకున్నాను. పక్క గదిలో వాళ్ల ఇనప మంచం మీద పడుకుని చూశాను, ఏమీ కాలేదు. తిరిగి వచ్చి ఈసారి తల అటు, కాళ్లు ఇటు పెట్టుకుని పడుకున్నాను. జబ్బు నా చెవిదైతే మొదట ఎడమకే లాగాలి. లాగలేదు. గోడవైపుకే లాగింది, అంటే ఇప్పుడు నా కుడికి. ఒరిగినచోట అదే ఆగడం.

అది ఏమిటో నాకు తెలుసు. గ్రూపులో అన్నాళ్లుగా నేను అరిచి చెప్పింది అదే. ఆ ఓడ ఒరుగుతుంది, ఒరిగి ఆగుతుంది. వాదనలో నేనే గెలిచాను. కానీ గెలిచానని చెప్పాలంటే, సారపాకలో గోడకు బిగించిన మంచం సముద్రంలో ఉన్నట్టు ఊగుతోందని నా నోటితో చెప్పాలి. చెప్పిన మరుక్షణం హమాలీలు లోపలికొస్తారు. చాచా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని నా మొహంలోకే చూస్తున్నాడు. ఆ ముసలాయన కళ్లలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. ఏం ఖర్మరా నాది అనుకున్నాను.

"కదుల్తలేదు గౌస్. మంచంల ఏ దోషం లేదు. షహనాజ్‌ను స్టూలు ఏసుకొని కూసోమను" అన్నాను.

గౌస్ హమాలీలను పంపించడానికి బయటికి వెళ్లాడు. షహనాజ్ నన్నొక చూపు చూసి లోపలికి పోయింది. చాచా నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"గట్ల కట్టెలెక్క పండుకోవద్దు సాబ్" అన్నాడు గుసగుసగా. "మోకాళ్లు ముడిచి పలకకు తన్నిపెట్టుకోవాలె. అది ఒరిగినప్పుడు దాంతోనే ఊపిరి ఇడువాలె. తొలిపారి ఎక్కినోళ్లందరికి గిదే చెప్తుంటి."

నేనూ గొంతు తగ్గించాను. "మరి ఊగదని ఎందుకన్నవ్ చాచా?"

"నా ఓడను నలుగురిల నేనే ఎట్ల అంట?" అన్నాడు.

సాయంత్రానికి గ్రూపులో చాచా గొంతు మోగింది. ఇంజనీర్ సాబ్ మిషన్ పెట్టి చూసిండు, మా ఓడ ఊగదని ఒప్పుకున్నడు అని. ఇక నా మీద పడ్డారు చూడండి. గోదావరిలో వాంతి చేసుకున్న పెద్దమనిషి నాకు ఓడల శాస్త్రం నేర్పాడు. ఇలాంటివాళ్ల చేత మాటలు పడాల్సి వచ్చిందే అని పళ్లు కొరుక్కున్నాను గానీ ఒక్క ముక్క రాయలేదు. మర్నాడు నా జబ్బ మీద పలక వెడల్పున నల్లగా కమిలి ఉండటం నా భార్య చూసింది. మిల్లులో తగిలిందని చెప్పాను.

రంజాన్ నెల రాకముందే, ఒక మధ్యాహ్నం చాచా ఆ మంచం మీదే పోయాడు. పక్కన స్టూలు మీద షహనాజ్ ఉంది. గ్రూపులో "చివరి ప్రయాణం" అని, "లంగరు ఎత్తిన మహా నావికుడు" అని కవిత్వాలు మొదలయ్యాయి. నావికుడట! ఆ మనిషి పక్కలు పరిచాడు, వాంతులు కడిగాడు. ఆ మాట అనడానికి వీళ్లకు నామోషీ. అసహ్యమేసి గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

నలభయ్యో రోజు ఫాతెహా అయ్యాక, మంచం ఏం చేద్దామన్నా అని గౌస్ అడిగాడు. ఒకసారి చూస్తానని లోపలికి వెళ్లి పడుకున్నాను. చాచా చెప్పినట్టు మోకాళ్లు ముడిచి పలకకు ఆనించాను. ఊపిరి వదిలాను. బయట లారీలు పోతున్నాయి. తల అటు మార్చి చూశాను, ఇటు మార్చి చూశాను. "ఊగవే" అని పైకే అన్నాను, సిగ్గు లేకుండా. అది మామూలు మంచంలా ఉంది.

షహనాజ్ వచ్చి నా కాళ్ల దగ్గర అంచున కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. "ఇప్పుడేం ఐతలేదు భయ్యా" అని దుపట్టా మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజు ఆ మంచం ఎందుకు ఊగిందో నేను ఇప్పటికీ చెప్పలేను. ఇక ఊగడం లేదని తెలిశాక మాత్రం, అక్కడే పడుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.