క్యాప్షన్‌లో లేని మనిషి

2024 వరద తగ్గిన కొన్ని వారాలకు, బెంజ్ సర్కిల్ దగ్గరి మా పత్రిక ఆఫీసుకు భవానీపురం నుంచి సునీత అనే టీచరు వచ్చారు. అక్కడ నేను ఫొటో ఆర్కైవ్ చూస్తాను. ఫొటోగ్రాఫర్లు తీసినవన్నీ దాచి, అడిగినప్పుడు వెతికి ఇచ్చే విభాగం అది.

వరదలో వాళ్ల ఆల్బమ్ ముద్దయిపోయింది. తండ్రి సంవత్సరీకం దగ్గర పడింది. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ మిగల్లేదు.

"ఆధార్ కార్డు ఉంటుంది కదమ్మా?"

"ఉందండీ. పెద్దది చేయించి చూపిస్తే మా అమ్మ 'ఈయనెవరే?' అంది."

తండ్రి వెంకటేశ్వరరావు లస్కర్, అంటే కాలువ గేట్లు ఎత్తి దించే ఉద్యోగి. ఏటా కాలువలకు నీళ్లు వదిలే రోజున గేటు దగ్గరే ఉండేవారట.

"గేటు చక్రం మీద చెయ్యేసేది మంత్రిగారండీ. తిప్పేది మా నాన్న," అన్నారామె.

కంప్యూటర్‌లో ఆయన పేరు కొట్టాను. ఏమీ రాలేదు. 'లస్కర్' అని కొట్టాను. అదీ లేదు. కీవర్డ్ అంటే ఫొటో కింద క్యాప్షన్ రాసినవాడు వాడిన మాట. మనకు కావలసిన మనిషి అతని కంట పడి ఉండకపోవచ్చు. అందుకని 'కెనాల్' అని కొట్టి పక్కన నక్షత్రం గుర్తు పెట్టాను. దాన్ని వైల్డ్‌కార్డ్ అంటాం. ఆ చోట ఏ అక్షరాలున్నా సరే, చూపించమని కంప్యూటర్‌కు చెప్పడం.

మంత్రులు వరసగా వచ్చారు. ఒక ఫొటో అంచున ఖాకీ చొక్కా మోచెయ్యి కనిపించింది.

"అది నాన్నదే. కానీ మోచేతికి దండ వెయ్యలేం కదండీ!"

అచ్చుకు ఎంచుకున్న ఫొటోకే మేం క్యాప్షన్, ఫైలు పేరు పెడతాం. మిగిలినవి కెమెరా ఇచ్చిన నంబర్లతోనే పడి ఉంటాయి. ఆ మోచెయ్యి ఫొటో తేదీ ఇచ్చి, కెమెరా తనంతట తాను వేసుకునే మొదటి అక్షరాల పక్కన నక్షత్రం పెట్టాను. వచ్చినవి ఒక్కొక్కటే తెరిచాం. ఒకదాంట్లో పెద్దలంతా అటు తిరిగి నీళ్లలో చీర, పసుపుకుంకాలు వదులుతున్నారు. ఇటు చక్రం పట్టుకుని ఒకాయన కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు.

సునీత స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి తల్లికి పంపి, వెంటనే కాల్ చేశారు.

"జేబు చిరిగింది, కుట్టిస్తానంటే విన్నాడా ఈ మనిషి! మంత్రుల ముందుకి ఆ చొక్కాతోనే వెళ్లాడు చూడు," అంది స్పీకర్‌లో ఆ తల్లి గొంతు.

ఆ ఫొటోకు ఆయన పేరు, ఉద్యోగం అప్పుడే చేర్చాను. ఇప్పుడు ఏ ఫొటోలోనైనా పేరు తెలియని వాళ్లుంటే, వాళ్లు చేస్తున్న పని కీవర్డ్‌గా రాస్తున్నాను. మైకు సర్దుతున్న వ్యక్తి. గొడుగు పట్టిన వ్యక్తి. వాళ్ల కోసం ఎవరు, ఏ మాట పట్టుకుని వస్తారో నాకు తెలియదు.