నాలుగో మూల బండ

కొండవీడు కొండ మీద తెల్లవారుజాము గాలిలో మిరప ఘాటు లేదు. దగ్గు లేకుండా నిద్ర లేవడం కొత్తగా అనిపించి, అద్దె గది వరండాలో కూర్చుని పోయినవి లెక్కేసుకున్నాను. పుల్లమ్మత్త పోయింది. ఆమె పొయ్యి చల్లారింది. కల్లంలో ఆమె పడుకునే నులక మంచం ఎవరో పట్టుకెళ్లారు. నన్ను "ఒరేయ్" అని పిలిచే గొంతు లేదు. ముందు పోయినవాటినే లెక్కెయ్యడం ఆమె దగ్గర నేర్చుకున్నదే.

అత్త మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. కొండ కింద రెండెకరాల మిరప తోట ఆమెది. పదో తరగతి తప్పి నేను ఇంట్లో మొహం దాచుకుంటే, లాక్కెళ్లి కల్లంలో కూర్చోబెట్టింది. ఎండిన కాయల్లోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరి, వాటిని ముందు తూయమంది. మంచికాయ వదిలేసి చెత్త తూచడమేందని విసుక్కున్నాను.

"పోయిందెంతో ముందు తెలుసుకోరా. మిగిలింది ఎక్కడికీ పోదు. నువ్వు తప్పింది ఒక్క లెక్కలేగా, మిగతా అయిదూ నీయ్యేగా," అంది.

ఆ తర్వాతే పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా లెక్కలు నేర్చుకున్నాను. ఇవాళ కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూసి బతుకుతున్నానంటే, మొదలైంది ఆ తాలు కుప్ప దగ్గరే.

ఏటా కాయ ఎండే రోజుల్లో అత్త కల్లంలోనే కాపలా పడుకునేది. ఎదురుగా ఈ కొండ. "అక్కడ్నుంచి నా కల్లం ఎట్టుంటదో, ఒక్క రాత్రి పడుకుని చూడాలిరా," అనేది. నిరుడు గది మాట్లాడి, బండి మీద ఎక్కించుకొచ్చాను. సాయంత్రం ఈ వరండాలోనే కూర్చుంది. కింద ఎర్రటి కల్లాల మధ్య, నీలం పట్టా కప్పి వచ్చిన తనదాన్ని వెతికి పట్టుకుని, "ఏందిరా, ఇంతేనా నా ఆస్తి," అని నవ్వింది.

అంతలో పడమట మబ్బు పట్టింది. అత్త లేచి నిలబడింది.

"పట్టా నాలుగో మూల బండ పెట్టానంటావా?"

"పెట్టే ఉంటావులే అత్తా."

"ఉంటావులే అంటే లెక్క కాదు. కాయ తడిస్తే ఏడాదంతా తాలే. పద."

చీకటి పడకముందే దిగాం. నాలుగు మూలలా నాలుగు బండలూ ఉన్నాయి. చినుకు కూడా పడలేదు. అత్త నాలుగో బండను చేత్తో కదిపి చూసింది.

"సాయంత్రం చూపించావు. తెల్లారడం బాకీ ఉన్నావురా," అంది.

"కాయ అమ్మినాక మళ్లీ వద్దాంలే," అన్నాను.

కాయ అమ్మకముందే, ఆ కల్లంలోనే, నిద్రలో పోయింది. పొద్దున టీ పట్టుకెళ్లి లేపబోయింది నేనే. పట్టా మూలల్లో బండలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇప్పుడు కొండ వెనక నుంచి ఎండ వచ్చి కల్లాల మీద పడుతోంది. ఆమెది ఉన్నచోట ఈ ఏడు పత్తి వేశారు. రాత్రంతా ఇక్కడే పడుకున్నాను, తెల్లారడం చూశాను. అది నా ఖాతాలో పడుతుంది గానీ ఆమె ఖాతాలో పడదు. ఎన్నిసార్లు వేసినా లెక్క ఒకటే వస్తోంది. అత్తకు నా బాకీ, ఒక్క తెల్లవారుజాము.