నైరుతి తలుపు

బార్దాన్ షెడ్డులో వెనక తలుపును ఆ ఆడవాళ్లకు చూపించింది నేనే. ఏదైనా అయితే ముందు గేటు దిక్కు చూడొద్దు, సంచులను చూసుకోవద్దు, చెప్పులు కూడా వెతుక్కోవద్దు, నేరుగా ఇటు ఉరకండి అని చెప్పింది నేనే. వాళ్లు నా మాట విని అటే ఉరికారు. తలుపు అవతల గోడ ఉంది.

ఆ గోడ కట్టించినవాడి పేరు రాయను. రాస్తే, వాడొక్కడే ఇట్లాంటివాడని చదివేవాళ్లు నిశ్చింతగా నిద్రపోతారు.

వయసులో ఉన్నప్పుడు నేనూ వాడూ రుద్రూర్ దిక్కున ఒక ఖండసారి కార్ఖానాలో పనిచేశాం. చెరుకు రసం కాచి చక్కెర తీసే చిన్న కార్ఖానా అది. ఇప్పుడు దాని పునాది రాళ్లు కూడా లేవు. పొయ్యిల కిందికి ఎండిన చెరుకు పిప్పే కట్టెలు. ఆ పిప్పి లోపలే కుప్పలుగా, మనిషి నెత్తి దాటి ఉండేది. పోవడానికీ రావడానికీ ఒక్కటే తలుపు. ఒకసారి పిప్పి అంటుకుంటే అందరం ఆ ఒక్క తలుపులో ఒకరి మీద ఒకరం పడి, కనుబొమలు కాల్చుకుని బయటపడ్డాం. మర్నాడు పని బంద్ పెట్టాం. యజమాని ముందుకు పోయి మాట్లాడింది నేను కాదు, నాకంటే చిన్నవాడైన వాడే.

"సేట్, మేమేమన్న ఎలుకలమా? ఒక్క బొర్రకెల్లే లోపలికి, గదే బొర్రకెల్లి బయటికా? గోడ నువ్వు పగలగొట్టిస్తవా, మమ్మల్ని కొట్టమంటవా?"

యజమాని గోడ కొట్టించి రెండో తలుపు పెట్టించాడు. ఆ రోజు వాడిని భుజాల మీద ఎత్తుకున్నవాళ్లలో నేనొకణ్ని. ఎడమ కాలు నా భుజం మీదే ఉంది.

అప్పుడు మాకు చట్టం తెలియదు. నేను బడికి పోయింది తక్కువ. బెల్లం పొట్లాల కాగితాలు విప్పి చదువుకుంటూ అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని. తర్వాత ఎప్పుడో నిజామాబాద్‌లో పాత పుస్తకాల దుకాణంలో కార్మిక చట్టాల పుస్తకం తెలుగులో దొరికింది. అందులో ఇట్లా ఉంది: లోపల మనుషులు పనిచేస్తున్నంత సేపు బయటికి పోయే తలుపుకు తాళం ఉండొద్దు. తలుపు బయటి దిక్కు తెరుచుకోవాలి. దారిలో సామాను పెట్టొద్దు. నిప్పు పుడితే ఎటు పోవాలో పనివాళ్లకు ముందే నేర్పించాలి. ఇవన్నీ యజమాని చేసే దయ కాదు, వాడి మీద ఉన్న బాధ్యత. ఆ మాట చదివి నాకు కోపం వచ్చింది. మేము పని బంద్ పెట్టి అడిగింది ఎప్పటినుంచో కాగితం మీద మాదేనన్నమాట! చాయ్ హోటల్లో కూర్చుని వాడికి ఒక్కో వాక్యం చదివి వినిపించాను. "ఇంకోపారి చదువన్నా" అని మళ్లీ చదివించుకున్నాడు.

కార్ఖానా మూతపడ్డాక నేను చెరుకు తోటల్లో కూలికి తిరిగాను. వాడు లారీల దగ్గర చేరి, మెల్లగా సంచుల వ్యాపారంలోకి దిగి, చివరికి బోధన్ రోడ్డు మీద షెడ్డు వేశాడు. బార్దాన్ అంటే గోనె సంచులు. రైసు మిల్లుల నుంచి వచ్చిన పాతవాటిని ఆడవాళ్లు దులిపి, చిరుగులు దబ్బనంతో కుట్టి, కట్టలు కడతారు. జనుము నూగు గాలిలో తేలుతూనే ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

షెడ్డుకు ముగ్గు పోసిన రోజు నన్ను బండి మీద ఎక్కించుకుని పోయాడు.

"అన్నా, నువ్వే చెప్పు. రెండో తలుపు ఏడ పెట్టాలె?"

ముందు గేటుకు దూరంగా వెనక మూల చూపించాను. బయటికి తెరుచుకునే ఇనుప తలుపు పెట్టించాడు. అయ్యాక నేనే గొళ్లెం తీసి తోశాను. ఎదురుగా వరి మడి. గాలి మొహానికి కొట్టింది.

"గిప్పుడు ఖుషేనా?" అన్నాడు.

ఖుషీ కాక ఏమిటి? ఆ ధైర్యంతోనే మా చిన్న కోడలిని అక్కడ పనికి పంపించాను. అప్పుడప్పుడు పోయి ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి నిప్పు గురించి చెప్పి వచ్చేవాణ్ని.

తర్వాత మిల్లులు ప్లాస్టిక్ సంచులకు మళ్లాయి. వ్యాపారం దెబ్బతిన్నది. ప్లాస్టిక్ మీద కోపం ఎవరి మీద తీర్చుకోవాలి? వాస్తు చూసే మనిషి ఒకడు వచ్చి, ఆ తలుపు నైరుతిలో ఉంది, వచ్చిన లక్ష్మి అందులోంచి పోతోంది అన్నాడట. నేను కంటి ఆపరేషన్ అయి, పట్టీతో ఇంట్లో పడుకుని ఉన్న రోజులవి. తలుపు తీసేస్తే తనిఖీకి వచ్చేవాళ్లు అడుగుతారు కదా. అందుకని తలుపును అట్లాగే ఉంచి, పనివాళ్లు లేని ఒక సెలవు రోజున దానికి బయట ఇటుక గోడ కట్టించి సిమెంటు పూయించాడు. లోపల గొళ్లెం అట్లాగే ఉంది. పైన 'అత్యవసర ద్వారం' అని ఆకుపచ్చ బోర్డు కూడా ఉంది. తనిఖీ సార్లకు తలుపు, లక్ష్మికి గోడ.

కన్ను బాగయ్యాక, ఆ సంగతి తెలియక, మళ్లీ షెడ్డుకు పోయాను. ఎప్పటిలాగే చెప్పి, ఆ తలుపు దాకా నడిపించాను. వాడు సంచుల కట్ట మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నేను గొళ్లెం మీద చెయ్యి వేశాను.

"తెరువకన్నా, కోతులు జొరబడ్తయి. నిన్న ఒకామె సద్ది డబ్బా ఎత్కపోయినయి."

"కోతులే నయం సావుకారీ," అన్నది మోస్రా నుంచి వచ్చే పెద్దావిడ. "అన్నం తిన్నయి గని, ఇంకింత జల్ది కుట్టుమని అనలే."

అందరూ నవ్వారు. వాడు అందరికంటే గట్టిగా నవ్వాడు. నేను చెయ్యి తీసేశాను.

వానలకు ముందు పైకప్పు రేకులకు వెల్డింగ్ పెట్టించాడు. కింద ఆడవాళ్లు కుడుతూనే ఉన్నారు. పని ఆపమంటే ఆ పూట సంచులు ఆగుతాయి కదా! మధ్యాహ్నం రవ్వలు కట్టల మీద పడ్డాయి. నేను ఇంట్లో ఉన్నాను. కోడలు ఇల్లు చేరేసరికి జుట్టంతా పొగ వాసన. గడప మీద కూలబడి నా మొహం చూసింది.

"మామా, నువ్వు జెప్పిన తలుపు దిక్కే ఉరికినం. గొళ్లెం నేనే తీసిన. నూకితె జానెడు కదిలి ఆగింది. తుప్పుకు పట్టుకున్నదేమో అనుకున్నం. అందరం భుజాలు పెట్టి నూకినం. మళ్ల నూకినం. సందులకెల్లి సూస్తె..."

"సూస్తె?"

"ఇటుకలు, మామా."

అంత పొగలో మళ్లీ వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని ముందు గేటు దాకా వచ్చారట. అందరూ బతికారు. మోస్రా ఆవిడ తూలి పడి, మండుతున్న కట్ట మీద రెండు చేతులూ ఆనించింది. దబ్బనం పట్టే చేతులు.

పొద్దుగూకే వేళకు వాడే మా ఇంటికి వచ్చాడు. చాయ్ అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

"నేను వాళ్లకు తలుపు చూపెట్టిన నాడు నువ్వు ఆడనే కూసున్నవ్ గద?"

"కూసున్న."

"మరి నోరెందుకు మూసుకున్నవ్?"

"చెప్తె నువ్వు పని నడువనిస్తవా అన్నా? బంద్ పెట్టిస్తవ్. నీ సంగతి నాకెర్క లేదా?"

ఎలుకల మాట యాదికున్నదా అని అడిగాను. తల వంచుకుంటాడనుకున్నాను. వంచుకోలేదు.

"గప్పుడు మనం కూలోళ్లం," అన్నాడు. మళ్లీ తనే, "రేపు సార్లొస్తరు. ఆడోళ్లు బుగులువడి తలుపు మర్చిపోయిండ్రని ఒక్క మాట అనరాదే. నీ మాట అందరింటరు."

నా మాట అందరూ వింటారు. వాడు ఇన్నాళ్లూ వాడుకున్నదే అది. తలుపు వెనక దాచిన గోడకు ముందు నన్ను ఆ ఆకుపచ్చ బోర్డులా నిలబెట్టాడు. లేచి పొమ్మన్నాను.

మర్నాడు తనిఖీ అధికారి వచ్చేసరికి గోడ లేదు. రాత్రికి రాత్రే పడగొట్టించి, ఇటుకలు మోయించి, నేల చదును చేయించాడు. అధికారి గొళ్లెం తీసి తోస్తే తలుపు బార్లా తెరుచుకుంది. ఎదురుగా మడి. నిన్నటి దాకా ఇక్కడ గోడ ఉంది సార్ అన్నాను.

"పెద్దమనిషి సార్," అన్నాడు వాడు మెల్లగా, జాలిపడుతున్నట్టు. "కంటి ఆపరేషన్ అయింది. సరిగ కండ్లు కనవడయి."

ఎన్నో తిట్లు తిన్నాను ఈ బతుకులో. అంత మెత్తగా నన్ను ఎవడూ కొట్టలేదు.

అధికారి ఆడవాళ్ల దిక్కు తిరిగాడు. షెడ్డు మూతపడితే మళ్లీ పని ఎక్కడ? వాళ్లు నేల చూశారు. వాళ్ల మీద నాకు కోపం లేదు అని రాయాలని ఉంది, కానీ ఆ నిమిషం వచ్చింది. మా కోడలు ఒక్కతే ముందుకు వచ్చి, "గోడ ఉండె సార్" అన్నది. నేను నా మాట రాసి సంతకం పెట్టాను. ఆమె కూడా పెట్టింది. అధికారి పైకి ఏం రాసి పంపాడో నాకు తెలియదు.

కాలిన కట్టలు ఎత్తిపోశాక షెడ్డు మళ్లీ నడుస్తోంది. కోడలిని పనికి పిలవలేదు. మోస్రా ఆవిడ చేతులు ఇంకా ముడుచుకునే ఉన్నాయి, ఆమె కూతురే అన్నం తినిపిస్తోంది. పనివాళ్లకు నిప్పు సంగతి మళ్లీ నేర్పించి తీరాలని అధికారి చెప్పాడట. నన్ను రమ్మని వాడు మనిషితో కబురు పంపాడు, తను మొహం చూపించలేదు. పోవద్దనే అనుకున్నాను. కానీ లోపల కూర్చుని కుట్టేది వాడు కాదు కదా.

పోయాను. అందరినీ కూర్చోబెట్టి, "ఏదన్న అయితే..." అని మొదలుపెట్టాను. అధికారి ముందు తల వంచుకున్నవాళ్లలో ఒకామె దబ్బనం పక్కన పెట్టి లేచింది.

"ఆగు మామా. నువ్వు జెప్పినవని ఇగ పోం. ముందు మేం సూసుకుంటం."

తలుపు దగ్గరికి పోయి గొళ్లెం తీసి చివరిదాకా తోసింది. బయటికి దిగి, గోడ ఉన్న చోట కాలితో నేల తొక్కి చూసింది. ఆమె వెనక ఇంకొకామె లేచింది. నేను మాట ఆపి, అందరూ ఒక్కొక్కరే బయటికి పోయి వచ్చేదాకా పక్కకు జరిగి నిలబడ్డాను.