బావ చెవులు, నా ఇయర్‌ఫోన్లు

మొన్న కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో వైరున్న ఇయర్‌ఫోన్లు కావాలని అడిగితే, దుకాణదారు నన్ను పాత సామాను కొనేదాన్ని చూసినట్టు చూశాడు. నా ఈడు మనిషే, గడ్డానికి గోరింటాకు పెట్టుకున్నాడు. "గవి ఇప్పుడు ఎవ్వలు తీస్కుంటలేరు మేడం, అందరు వైరు లేనియే అడుగుతున్నరు" అంటూనే కింది అరలో వెతికి ఒక డబ్బా తీశాడు. "ఆవాజ్ ఎట్లుంటదో జర సూడుర్రి" అని తన చెవిలో ఉన్నదాన్ని లాగి, ఉఫ్‌మని ఊది, చొక్కా అంచుకు తుడిచి నా ముందుకు చాపాడు. రబ్బరు బుడిపె మీద గులిమి తళతళలాడుతోంది. నోరు తెరవకుండా చెయ్యి అడ్డంగా ఊపి, విప్పని డబ్బా ఒకటి కొనుక్కుని బయటపడ్డాను. అది నాకోసం కాదు. సిరిసిల్లలో ఉండే మా బావ కోసం, అంటే మా అక్క భర్త కోసం. ఆయన చెవుల్లో పొద్దస్తమానం ఏదో హోరు. "నీ దగ్గర ఎనుకట ఉండె గదా మరదలా, చెవులు మూసుకపోయేటియి. గసొంటియి దొరుకుతె తే. సప్పుడు ఆగుతదేమో సూస్త" అని అడిగాడు.

నాకు చెవులంటే మొదటినుంచీ అసహ్యం. పిన్నీసుతో చెవి గోక్కుని దాని కొసను శ్రద్ధగా పరీక్షించే మనుషులను బస్సుల్లో ఎంతమందిని చూశానో. అంతకంటే పెద్ద వింత ఇంకొకటుంది. మనవాళ్లు ఒకరు తాగిన గ్లాసుతో ఇంకొకరు తాగరు. చెంబు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంటారు. అదే మనుషులు పక్కవాడి చెవిలోంచి తీసినదాన్ని, ఇంకా వెచ్చగా ఉండగానే, తమ చెవిలో కుక్కుకుంటారు. నోటికున్న ఎంగిలి చెవికి లేదని ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఈ మాట మా బడిలో టీచర్ల గదిలో ఒకసారి అంటే అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో ఇద్దరు అప్పుడే ఒకే వైరును చెరొక చెవిలో పెట్టుకుని ఉన్నారు.

నేను మొదటి జత కొన్నది సిరిసిల్ల పక్క ఊరి బడికి బదిలీ అయినప్పుడు. బస్సులో ప్రతివాడి ఫోనూ గొంతు చించుకుని అరిచేది. ఒకడి ఫోన్లో పెళ్లి డప్పు, ఇంకొకడి ఫోన్లో వంకర నవ్వులు, వెనక సీట్లో ఎవరో ఎవరినో తిట్టడం. ఆ రోతను భరించలేక, చెవిని పూర్తిగా మూసే జత కోసం దుకాణాలన్నీ తిరిగాను. అప్పుడే తెలిసింది, నా రెండు చెవులూ ఒక కొలతవి కావని. ఎడమ చెవికి చిన్న రబ్బరు సరిపోతే కుడి చెవికి మధ్యరకం కావలసి వచ్చింది. గుండ్రటి వైరు సంచిలో వేయగానే చిక్కుపడుతుంది కాబట్టి పట్టీలాంటి బల్లపరుపు వైరు ఏరుకున్నాను. పిన్ను వంగి ఉన్నదైతే త్వరగా తెగదని ఎవరో చెబితే అదీ చూసుకున్నాను. ఇంత చూసి కొన్నాక తేలింది ఏమిటంటే, నడిచేటప్పుడు వైరు చీర అంచుకు రాసుకుంటే తల లోపల ఎవరో గోనెసంచి ఈడుస్తున్నట్టు ఉంటుంది. ఆదివారం ఆదివారం రబ్బర్లు ఊడదీసి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ఒక స్టీలు డబ్బాలో పెట్టేదాన్ని. దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఇంట్లో ఎవరూ వడ్లగింజంత కూడా లెక్కచేయని ఆజ్ఞ అదొక్కటే.

ఆ ఇల్లు అక్కావాళ్లది. బదిలీ ఉన్నన్నాళ్లూ అక్కడే ఉన్నాను. ముందరి గదిలో మరమగ్గాలు. అక్కడ వాటిని సాంచాలంటారు. అవి నడుస్తుంటే గోడకు తగిలించిన అద్దం వణికేది, అన్నం గిన్నె మీద మూత వణికేది. ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకునేవారు కాదు, అరుచుకునేవారు, లేదంటే పెదవులు చూసి అర్థం చేసుకునేవారు. బావ సాంచాల మధ్య నిలబడి రెండు వేళ్లు చూపిస్తే చాయ్ అని, అరచెయ్యి బోర్లిస్తే అన్నానికి వస్తున్నానని. చెవులకు అడ్డం అంటూ ఆయనకున్నది కండెల దగ్గర రాలిన నూలు పోగుల ఉండ. దాన్ని చెవిలో కూరుకుని సాయంత్రం తీసి, పొద్దున మళ్లీ అదే కూరుకునేవాడు. అది ఉండే చోటు కిటికీ గూడు, నా దువ్వెన పక్కన. దాన్ని చూసినరోజు నా దువ్వెన పారేశాను.

ఒకనాడు బడినుంచి వచ్చేసరికి నా స్టీలు డబ్బా ఖాళీగా ఉంది. బావ సాంచాల దగ్గర ఉన్నాడు. నా వైరు ఆయన మెడ మీదుగా దిగి చొక్కా జేబులోకి పోయింది. జేబులో ఫోను లేదు. పిన్ను బీడీ కట్ట పక్కన ఊరికే పడి ఉంది. "బావా, గవి నావి" అని అరిచాను. ఆయన తీసి చూపించాడు. చెమట, నూలు దుమ్ము, గులిమి కలిసి రబ్బరు రంగే మారిపోయింది. "పాటలకు గాదు మరదలా. ఇవి పెట్టుకుంటె సప్పుడు సగం తగ్గింది. గింత సుకం ఎన్నడు లేదు" అన్నాడు. ఎంతో అణకువగా తిరిగి ఇవ్వబోయాడు కూడా. నేను వెనక్కి జరిగి, "నీ దగ్గరనే ఉంచుకో" అన్నాను. అది దానం అనుకున్నాడు పాపం. వాడకట్టులో మాత్రం ఆయనకు పాటల పిచ్చి పట్టిందని పేరొచ్చింది.

ఆ తర్వాత బావకు చెవిపోటు వచ్చింది. మా వైపు చెవిపోటుకు మొదటి వైద్యం ఎల్లిగడ్డలు, అంటే వెల్లుల్లి, వేసి కాచిన నూనె. అక్క అదే పోసింది. నూనె కారకుండా ఆయన నూలు ఉండ కూరాడు. ఉండ ఊడకుండా దానిమీద నా రబ్బరు బిగించాడు. అలాగే సాంచాలు నడిపాడు, రోజూ కొత్త నూనె, అదే ఉండ. కొన్నాళ్లకు ఆయన పక్కన కూర్చుని అన్నం తినలేకపోయాను. వాసన. చివరికి నేనే పట్టుబట్టి కరీంనగర్‌కు తీసుకెళ్లాను. డాక్టరు లోపలినుంచి లాగిన నల్లటి ముద్దను, దాని వెనక వచ్చిన చీమును చూసి గోడవైపు తిరిగి నిలబడ్డాను. డాక్టరు చెయ్యి కడుక్కుంటూ, చీము మందులకు తగ్గుతుందని, లోపలి నరం మాత్రం చప్పుడుకు ఎప్పుడో చచ్చిపోయిందని, ఒక చెవి ఇక పనికిరాదని, రెండోదాన్నైనా దక్కించుకోవాలంటే సాంచాలు మానాలని చెప్పాడు. అక్క పెద్దగా కంగారుపడలేదు. "సాంచాల మీద ఉన్నోళ్లకు గంతే సారు. అలవాటైతది" అంది. ఆ చీమును ఎప్పుడో మరిచిపోయాను గానీ, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది. బావ చిన్నప్పుడు సాంచాల చప్పుడుకు ఏడిస్తే ఆయన బాపు కూడా అదే అన్నాడట. ఒక వాడకట్టు మొత్తాన్ని చెవిటిదాన్ని చేయడానికి ఈ ఒక్క మాట సరిపోయింది.

బావ సాంచాలు మానలేదు. సాంచాలే ఆయన్ని మానాయి. పని రావడం తగ్గి, తగ్గి, ఆగిపోయింది. ఈమధ్యే వాటిని తుక్కు కింద అమ్మేశారు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. తన ఇంట్లో ఫ్యానుకు చప్పుడుంటుందని అప్పుడే తెలిసిందని అక్క నవ్వుతూ చెప్పింది. బావ మాత్రం అన్నం ముందు కూర్చుని, "జర సాంచాలు బందు చేయుండ్రి" అనడం మొదలుపెట్టాడు. సాంచాలు లేవంటే, లేవని తనకూ తెలుసు అనేవాడు, అయినా వినబడుతున్నాయనేవాడు. మతి తప్పుతోందేమోనని అక్క భయపడి, పిచ్చి కుదురుతుందని అందరూ వెళ్లే కొండగట్టు గుడికి తీసుకెళ్లి కొన్నాళ్లు ఉంచింది. గుడిలో గంట మోగినంతసేపు హాయిగా ఉందనేవాడట. గంట ఆగగానే మళ్లీ మొదలు. చివరికి నన్నడిగాడు, "నువ్వు సదువుకున్నదానివి. నాకు పిచ్చి లేసిందా?" లేదు బావా, చచ్చిన నరం అట్లనే చప్పుడు చేస్తదట, డాక్టరును అడిగితె చెప్పిండు అని ఆయనకు వినబడేలా అరిచి చెప్పాను. నమ్మినట్టే తల ఊపాడు. ఆ తర్వాతే ఈ ఇయర్‌ఫోన్లు అడిగాడు.

నిన్న తీసుకెళ్లి ఇచ్చాను. మూడు కొలతల రబ్బర్లూ వేసి చూసి, ఆయన చెవులకు పెద్దవే బిగుతుగా కుదిరాయని తేల్చాను. ఆయన చెవులను నా వేళ్లతో ముట్టుకుని చూశాను, వెంటనే చేతులు కడుక్కున్నాను కూడా. బావ ముందరి గదిలో కుర్చీ వేసుకుని కళ్లు మూసుకున్నాడు. సాంచాల కాళ్లు నిలిచిన చోట గచ్చు మీద ఇంకా నూనె మరకలున్నాయి. అక్క గడపలో నిలబడి ఆయన మొహమే చూస్తోంది. చాలాసేపటికి కళ్లు తెరిచి, ఒక్కొక్కటే తీసి, కండువాకు తుడిచి నా చేతిలో పెట్టాడు.

"మంచిగున్నయ్ మరదలా. బయటి సప్పుడంత బందయింది. గిప్పుడు సాంచాలు సాఫుగ ఇనవడ్తున్నయ్" అన్నాడు.

ఆ సాంచాలు ఇల్లు దాటిపోవడానికి ఒక్క పూట పట్టింది. వాటి చప్పుడు మనిషిని దాటిపోవడానికి ఎంత కాలం పడుతుందో డాక్టరూ చెప్పలేదు, కొండగట్టూ చెప్పలేదు.