లడ్డూ చల్లే జాగ

అమ్మాయిని దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ హాస్టల్లో దింపి, భద్రాచలం బస్సు కోసం ఎల్బీనగర్ వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. పక్కన తెల్లచొక్కా పెద్దాయన ఒళ్లో స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. బాలాపూర్ దగ్గరి రైతు కుటుంబమట. డబ్బాలో ఉన్నది వాళ్ల గల్లీ గణేశుడి లడ్డూ. మొన్న వేలంలో ఆయనే పాడుకున్నాడు. దాన్ని పొడి చేసి చేలో చల్లితే పంట బాగా పండుతుందని వాళ్ల నమ్మకం. నాకది కొత్త. ముచ్చటేసింది.

"మీ చేను ఎక్కడుందన్నా?" అని అడిగాను.

"ఈడ ఇంకేడున్నది తమ్మీ? అన్నీ ప్లాట్లయినయి. లడ్డూ చల్లనీకె జాగ కావాలె గదా! భద్రాచలం దిక్కు కౌలుకు తీస్కున్న. అడవి ఊకెనే పడున్నది. జేసీబీతోని సాఫ్ చేయించి పామాయిల్ పెట్టిన."

ఊరి పేరు అడిగాను. మా పక్క ఊరే. నాకు ఒళ్లు మండింది.

"ఊరికే పడుందని మీకెవరు చెప్పారు? మా అమ్మ ఆ అడవిలో ఇప్పపూలు ఏరి మమ్మల్ని సాకింది!"

ఆటోలో అందరూ తిరిగి చూశారు.

"గంత కోపమెందుకు తమ్మీ? చెట్లు తీసి మల్ల చెట్లే పెట్టిన గదా" అంటూ మూత తీసి ఇంత లడ్డూ తుంచి నాకు పెట్టబోయాడు.

ప్రసాదం వద్దనడం నేనెరగను. అయినా చెయ్యి చాపలేదు.

"మా ఇప్పచెట్లకు ఎవరూ లడ్డూ చల్లలేదన్నా" అన్నాను. "అయినా ఏటా పూసేవి."