పైడమ్మక్క పారబోయించిన కూర

ఫ్రీజర్‌లోంచి మేకమాంసం సంచి తీసి ఫ్రిజ్ కింది అరలోకి మార్చేటప్పుడు వేళ్ల చివర్లు చురుక్కుమంటాయి. ఆ చురుకు తగిలితే చాలు, మలేసియాలోని బంటింగ్ ఊళ్లో మా పక్కింటి పైడమ్మక్క గొంతు వినిపిస్తుంది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఏళ్ల తరబడి వండిన మనిషి. ఆవిడ నన్ను మెచ్చుకున్నట్టు నాకు గుర్తు లేదు. నేనూ ఆవిడ మాటకు ఒక్కసారికే తల ఊపినదాన్ని కాదు.

ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ శిక్షణకు నన్ను తీసుకున్నప్పుడు, మామగారు ఆసుపత్రి నుంచి అప్పుడే ఇంటికొచ్చారు. సాయంత్రం ఆయనకు వేడన్నం, మెత్తటి కూర ఒక్క పూట తప్పినా ఉద్యోగం మానాలని అత్తగారు షరతు పెట్టారు. సరేనని మాటిచ్చాను. మా ఆయన గోడకేసి చూశారు. దారి చూపింది పైడమ్మక్కే. ఆదివారం మేక తొడమాంసం ఎముకతో పెద్ద ముక్కలుగా కొట్టించి, అల్లం వెల్లుల్లి, మిరియాలు, కిచాప్ అనే నల్ల సాస్ పట్టించి, క్యారెట్, బంగాళాదుంపలతో పాటు సంచుల్లో నింపించి ఫ్రీజర్‌లో పెట్టించింది. రోజుకో సంచి పొద్దున్నే స్లో కుక్కర్‌లో వేసి పనికి వెళ్తే, సన్నసెగ మీద రోజంతా ఉడికి సాయంత్రానికి కూర తయారు.

"ముందురోజే ఫ్రిజ్జులోకి దించాల. మంచు కరిగినాకే కుక్కర్లో ఎయ్యాల, తెలిసిందా?"

"తెలుసక్కా, డిగ్రీ సదివినాను."

"డిగ్రీతోటి మాంసం ఉడకదు లా." మాట చివర 'లా' తగిలించడం ఆ ఊరి అలవాటు.

మూడో రోజే దించడం మరిచాను. పొద్దున బస్సుకు వేళ దాటిపోతుంటే ఆ గడ్డను అలాగే స్లో కుక్కర్‌లో పడేసి, సన్నసెగ పెట్టి పరిగెత్తాను. సాయంత్రం వచ్చేసరికి మసాలా వాసన గుమ్మం దాకా ఉంది. మామగారు కంచం ముందు కూర్చున్నారు, అత్తగారు పక్కనే నిలబడ్డారు. కూర ఎలా కుదిరిందో చూద్దామని వచ్చిన పైడమ్మక్క వంటింట్లో మూత తీసి ముక్కలో కత్తి గుచ్చింది. ఎముక దగ్గర ఇంకా ఎర్రగా ఉంది.

"మంచుతోటే ఏసినావేటి?" గొంతు తగ్గించి అడిగింది.

"స్టవ్ మీద పది నిమిషాలు మరిగించేస్తాను. అరవకక్కా, నా ఉద్యోగం పోద్ది."

"పొద్దుట్నించి నులివెచ్చగా కూకున్న మాంసమే అది. ముసిలాయన కడుపు తట్టుకుంటాదా? పారబొయ్యి."

"నీకేటి పోయింది!"

"నాకేటీ పోనేదు. ఆయనకేటైనా అయితే నువ్వు ఎవులికి మొకం సూపిస్తావు?" గిన్నె నా చేతుల్లోకి నెట్టింది. "నాను పారబొయ్యను. నువ్వే పొయ్యాల, నువ్వే సెప్పాల."

కోపంతోనో భయంతోనో ఇప్పటికీ చెప్పలేను కానీ, అత్తగారు చూస్తుండగానే కూరంతా చెత్తడబ్బాలో కుమ్మరించాను.

"తప్పు నాదే అత్తయ్యా. సంచి దించడం మరిసిపోయినాను. మామయ్యకి ఇప్పుడే గుడ్లు పొరటేస్తాను. రేపు పనికి మాత్రం ఎల్తాను."

"మరి ఇచ్చిన మాటో?"

"మాట తప్పినాను. ఎల్తాను."

అత్తగారు నాలుగు రోజులు నా చేతి వంట ముట్టలేదు. నేను నాలుగు రోజులూ పనికి వెళ్లాను. ఆ సాయంత్రం పైడమ్మక్క కూడా నన్ను ఓదార్చలేదు. "గుడ్డులో ఉప్పు మరిసిపోకు లా," అంటూ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆవిడ ఇప్పుడు లేదు. ఫ్యాక్టరీ మీటింగుల్లో నా వల్ల పని ఆగితే "తప్పు నాది" అని ముందే అనేస్తాను. ఆ తర్వాతే వాదన మొదలుపెడతాను. ఆ రెంటి మధ్య ఎక్కడ అడ్డుపడాలో మా మేనేజర్‌కు ఇంకా అంతుపట్టలేదు.